సరిహద్దు జిల్లాల్లో యువ వైద్యులకు క్యాన్సర్ పరిశోధన నేర్పించే విధానం

ఒడిశా దక్షిణ జిల్లాల్లోని వైద్య కళాశాలల్లో, పెద్ద ఆసుపత్రుల్లో పీజీ విద్యార్థులకు, సీనియర్ రెసిడెంట్లకు గైడ్‌గా వ్యవహరించే వైద్యుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల క్యాన్సర్ రోగి బరంపురంలో బయాప్సీ చేయించుకుని, విశాఖపట్నంలో శస్త్రచికిత్స పొంది, రేడియేషన్ కోసం కటక్ వెళ్లి, చివరికి పర్లాకిమిడి దగ్గరి సొంత ఊరికి చేరుకోవడం ఇక్కడ అరుదైన సంగతి కాదు. ప్రతి ఆసుపత్రిలోను అతని కేస్ షీట్ సగంలోనే ఆగిపోయి ఉంటుంది. కాబట్టి ఈ ప్రాంతంలో క్లినికల్ పరిశోధన నేర్పడమంటే, అన్నిటికంటే ముందు, తాను చూసిన ప్రతి రోగికి ఆ తరువాత ఏమైందో తెలుసుకునే అలవాటు నేర్పడమేనని నా నిశ్చితాభిప్రాయం. ప్రోటోకాల్ (అధ్యయన ప్రణాళిక) రచన, గణాంకాలు, నైతిక అనుమతులు అన్నీ అవసరమైనవే. కాని రోగి ఏమయ్యాడో తెలియనప్పుడు ఎంత గొప్ప గణాంక పద్ధతి వాడినా వచ్చే జవాబు నమ్మదగినది కాదు.

ప్రశ్న ఓపీలోనే దొరకాలి

థీసిస్ అంశం చెప్పమని పీజీ విద్యార్థి వచ్చినప్పుడు, గైడ్ తన దగ్గరున్న పాత జాబితాలోంచి ఒక అంశం తీసి ఇవ్వడం చాలాచోట్ల జరుగుతోంది. ఈ పద్ధతి మానుకోవాలి. తనది కాని ప్రశ్నకు జవాబు వెతికే విద్యార్థి మూడేళ్లలో ఫారాలు నింపడం నేర్చుకుంటాడు గాని పరిశోధన నేర్చుకోడు. అతనికి ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చి, నెల రోజుల పాటు ఓపీలో, వార్డులో తనకు జవాబు తెలియని ప్రతి సందేహాన్ని అదే రోజు రాసుకోమని చెప్పండి. నెల తిరిగేసరికి ముప్పై, నలభై సందేహాలు పోగవుతాయి. వాటిలో చాలా వాటికి పాఠ్యపుస్తకాల్లో జవాబు ఉంటుంది, కొన్నిటికి ఇప్పటికే మంచి అధ్యయనాలు జరిగి ఉంటాయి. మిగిలిన నాలుగైదింటిని ఎదురుగా పెట్టుకుని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

అప్పుడు జరగవలసిన పని, ప్రశ్నను చిన్నది చేయడం. 'నోటి క్యాన్సర్ రోగులు ఎందుకు ఆలస్యంగా వస్తున్నారు' అన్నది బాధలోంచి పుట్టిన మంచి సందేహమే అయినా, దాన్ని ఈ రూపంలో ఎవరూ కొలవలేరు. 'మా విభాగానికి కొత్తగా వచ్చి, బయాప్సీలో నోటి క్యాన్సర్ నిర్ధారణ అయిన పెద్దలలో, మొదటి లక్షణం కనిపించిన నాటి నుంచి బయాప్సీ నాటి వరకు ఎన్ని రోజులు గడిచాయి, అందులో రోగి ఇంటి దగ్గరే ఉండిపోయిన రోజులెన్ని, ఒక వైద్యుడి నుంచి మరో వైద్యుడి దగ్గరికి తిరిగిన రోజులెన్ని' అని అడిగితే అది పరిశోధనా ప్రశ్న అవుతుంది. ఎవరిలో, ఏం చేసినప్పుడు, దేనితో పోల్చి, ఏ ఫలితాన్ని, ఎంత కాలంలో చూస్తున్నామో ఒక్క వాక్యంలో చెప్పగలిగే దాకా విద్యార్థిని వదిలిపెట్టకూడదు.

మరొక ఉదాహరణ చెబుతాను. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ సాధారణంగా ఆరున్నర నుంచి ఏడు వారాల పాటు, వారానికి ఐదు రోజుల చొప్పున ఇస్తారు. మధ్యలో రోజులు తప్పిపోయి చికిత్స సాగిపోతే, ఒక్కొక్క అదనపు రోజుకు క్యాన్సర్ అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని ఎన్నో అధ్యయనాలు చూపించాయి. మన రోగులు ఏ వారంలో ఇంటికి వెళ్లిపోతున్నారు, తిరిగి ఎన్ని రోజులకు వస్తున్నారు, వెళ్లడానికి కారణం నోటిపూతా, నాట్ల పనా, దారి ఖర్చులా, బరంపురం ఠాకురాణీ యాత్రా అన్నది ఏ విదేశీ పత్రికలోను దొరకదు. దానికి ఖరీదైన పరికరం ఏదీ అవసరం లేదు. జవాబు తెలిస్తే మరుసటి నెల నుంచే వార్డులో పద్ధతి మార్చుకోవచ్చు. యువ వైద్యుడి మొదటి అధ్యయనం ఇటువంటిదే కావాలని నా గట్టి సలహా. కొత్త మందును పరీక్షించే ట్రయల్‌ను మొదటి పనిగా ఎంచుకోవడం సరికాదు.

చిన్న ఊళ్లలో పెద్ద పరిశోధన సాధ్యం కాదనే అధైర్యం విద్యార్థుల్లో కనిపిస్తే, ఇచ్ఛాపురం దగ్గర సరిహద్దు దాటగానే వచ్చే శ్రీకాకుళం జిల్లా సంగతి వారికి చెప్పండి. చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిలిలో వచ్చే మార్పుల గురించి, ఆ జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వెలువడింది. డెన్మార్క్ దంత వైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశానికి చెందిన ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా, దఫ్తరీ తదితరులు దాన్ని రాశారు. అందులో వాడిన ప్రధాన సాధనాలు మంచి వెలుతురు, ఓపికగా చూసే కళ్లు, అందరినీ ఒకే విధంగా అడిగిన ప్రశ్నలు. మహారాష్ట్రలో తెలుగు మాట్లాడేవారు కూడా ఉన్న గడ్‌చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, సహచరులు రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి, వారిలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉందని చూపిన అధ్యయనం 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది.

ప్రోటోకాల్‌ను వారం వారం తిరగరాయించాలి

పరిశోధనా పద్ధతులపై రెండు రోజుల ఉపన్యాసాలు ఏర్పాటు చేసి, ధ్రువపత్రాలు పంచి ఊరుకోవడం వల్ల ఒరిగేది తక్కువ. ప్రపంచవ్యాప్తంగా క్యాన్సర్ పరిశోధనలో యువ వైద్యులకు శిక్షణనిస్తున్న మంచి కార్యశాలలు మరో దారిలో నడుస్తున్నాయి. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని వేల్‌లో 1996లో మొదలైన కార్యశాల వీటికి మాతృక. మన దేశంలో టాటా మెమోరియల్ సెంటర్, క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ కలిసి క్రెడో పేరుతో 2015 నుంచి ఇటువంటి కార్యశాలను నడుపుతున్నాయి. అక్కడికి వచ్చే ప్రతి వైద్యుడు తన సొంత అధ్యయనపు ఆలోచనను వెంట తెచ్చుకుంటాడు; చిన్న బృందంలో కూర్చుని, అనుభవమున్న క్యాన్సర్ వైద్యుల, గణాంక నిపుణుల ప్రశ్నలను తట్టుకుంటూ, దాన్ని రోజూ తిరగరాసి పూర్తి ప్రోటోకాల్‌తో ఇంటికి వెళతాడు. మీ విద్యార్థికి వీలైతే అక్కడ దరఖాస్తు చేయించండి.

అందరికీ అక్కడ చోటు దొరకదు కాబట్టి, ఇదే పద్ధతిని మన కళాశాలలో వరుసగా ఎనిమిది శనివారాలకు సర్దుకోవచ్చు. మొదటి శనివారం ఒక్క పేజీలో ఆలోచన మాత్రమే ఉండాలి. ఆ తరువాతి వారాల్లో ప్రశ్న, ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని వదలాలి, ప్రధాన ఫలితం ఏమిటి, రోగుల సంఖ్య ఎంత, వివరాల ఫారం ఎలా ఉండాలి, సమ్మతి పత్రం, ఖర్చు అనే భాగాలు ఒక్కొక్కటిగా రాసుకుని రావాలి. నలుగురైదుగురు విద్యార్థులు, కమ్యూనిటీ మెడిసిన్ విభాగం నుంచి గణాంకాలు తెలిసిన ఒకరు, గైడ్ కూర్చుంటే బృందం సరిపోతుంది. వార్డులో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సమ్మను ఒక వారమైనా తప్పక పిలవండి. 'ఈ రక్తపరీక్షను మీరు రాసినట్టు ఎనిమిదో రోజున చేయించలేం, ఆ రోజు రోగి ఇంట్లో ఉంటాడు' అని చెప్పగలిగేది ఆవిడే.

ఒక ప్రధాన ఫలితం, ఒకే ఒక్కటి, ముందుగా రాసిపెట్టుకోవాలన్న నియమం దగ్గర ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి. పది ఫలితాలు కొలిచి, చివర్లో బాగున్న దాన్ని ప్రధానమని చెప్పుకోవడం మోసమని యువ వైద్యుడికి మొదటి ప్రోటోకాల్‌లోనే అర్థం కావాలి.

వివరాలు రాసుకునే తీరు

ఫారం మొదటి ప్రతిని విద్యార్థి ఎప్పుడూ పొడుగ్గానే తయారుచేస్తాడు. ఒక్కొక్క గడినీ చూపి 'ఈ వివరం ఏ ప్రశ్నకు జవాబిస్తుంది' అని అడగండి. చెప్పలేకపోతే దాన్ని కొట్టేయాలి. మిగిలిన గడులలో ప్రతి మాటకు నిర్వచనం రాయించాలి. 'పొగాకు: అవును, కాదు' అన్న గడి ఈ జిల్లాల్లో పనికిరాదు. గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబంలోని ముసలమ్మ చుట్ట కాలుస్తుందా, కాలిస్తే అడ్డపొగా, మామూలుగానా. రాయగడ నుంచి వచ్చిన మనిషి బీడీ తాగుతాడా, ఖైనీ నములుతాడా. పొగాకు ముద్ద అయిన గుడాఖుతో పళ్లు తోముకుంటారా అన్నవి విడివిడిగా అడగాలి. గుడాఖు వాడేవారిలో చాలామంది దాన్ని పళ్లు తోముకునే సామానుగానే భావిస్తారు, కాబట్టి 'పొగాకు అలవాటుందా' అంటే లేదనే చెబుతారు. వారు అబద్ధమాడడం లేదు. మనం అడిగిన మాట సరిగా లేదు.

తేదీల విషయమూ ఇంతే. 'పుండు ఎప్పుడు మొదలైంది' అంటే 'చాన్నాళ్లయింది' అన్న జవాబే వస్తుంది. అందుకని విద్యార్థి చేత ఒక స్థానిక కాలపట్టిక తయారు చేయించండి. ఇటీవలి లక్షణాలకు సంక్రాంతి, రథయాత్ర, దసరా, కార్తీక పున్నమి, వరినాట్లు, కోతలు గుర్తులుగా పనికొస్తాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం ఉంటుంది కనుక జాలర్లకు అదొక మంచి గుర్తు. అలవాట్ల వంటి పాత విషయాలకు తుపానులు పనికొస్తాయి. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గంజాం, గజపతి జిల్లాల్లో ఎవరికైనా గుర్తుంటాయి. 'ఫైలిన్ నాటికే చుట్ట మానేశారా అమ్మా' అని అడిగితే స్పష్టమైన జవాబు వస్తుంది.

పేర్ల దగ్గర మరింత శ్రద్ధ కావాలి. మన తెలుగువారి ఇంటిపేరు ఒడిశా రికార్డుల్లో పొడి అక్షరంగా మిగిలి, 'రావు', 'అమ్మ' అన్నవి ఇంటిపేర్లుగా మారిపోతాయి. ఒకే అప్పలమ్మ పేరు ఒడియాలో ఒక విధంగా, ఇంగ్లీషులో రెండు విధాలుగా నమోదై, మూడు రిజిస్టర్లలో ముగ్గురు మనుషులవుతుంది. పేరు, వయసు చూసి ఇద్దరూ ఒకరేనని తేల్చుకోకుండా, తండ్రి లేదా భర్త పేరు, గ్రామం, పంచాయతీ, బయాప్సీ నంబరు కలిపి చూడమని నేర్పాలి. అయితే ఈ గుర్తింపు వివరాలన్నీ వేరే రిజిస్టరులో, తాళంలో ఉండాలి. విశ్లేషణకు వాడే పట్టికలో అధ్యయన సంఖ్య తప్ప మరేమీ కనిపించకూడదు. రోగుల ఫోటోలు, రిపోర్టులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడాన్ని మొదటి రోజే నిషేధించండి.

పొరపాటుగా రాసిన అంకెపై ఒకే గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయడం. తెలియని చోట ఊహించి నింపకుండా 'తెలియదు' అని రాయడం. ఆ రోజు వివరాలు ఆ రోజే రాయడం. ఇవి చెబితే వచ్చేవి కావు. గైడ్ నెలకొకసారి ఐదు ఫారాలు తీసి, మూల కేస్ షీట్లతో పక్కపక్కన పెట్టి సరిచూస్తేనే వస్తాయి.

రోగిని చివరి వరకు అనుసరించడం

ఉదాహరణకు, వంద మంది రోగులను రెండేళ్ల తరువాత వెతికామనుకోండి. నలభై మంది బతికి ఉన్నారని, ముప్పై మంది మరణించారని తెలిసింది; మిగిలిన ముప్పై మంది సంగతి తెలియదు. తెలిసిన డెబ్బై మందిలో లెక్కవేసి 57 శాతం బతికారని విద్యార్థి రాస్తాడు. నిజానికి ఆ సంఖ్య 40 శాతం కావచ్చు, 70 శాతం కావచ్చు. తప్పిపోయినవారు తక్కినవారి వంటివారే అయితే పెద్ద ప్రమాదం లేదు. కాని మన ప్రాంతంలో ఆసుపత్రికి రావడం మానేసేవారు ఎక్కువగా నడవలేని స్థితికి చేరినవారు, డబ్బు అయిపోయినవారు, మరణించినవారు. ఎంత కాలానికి ఎంతమంది బతికి ఉన్నారో చూపే బతుకు రేఖలు గీయడానికి అందరూ వాడే కప్లాన్, మైయర్ పద్ధతి, తప్పిపోయినవారికి మిగిలినవారితో సమానమైన అవకాశమే ఉందన్న ఊహపై నిలిచి ఉంది. ఆ ఊహ తప్పితే కంప్యూటరు గీసే రేఖ అందంగానే ఉంటుంది గాని అబద్ధం చెబుతుంది. ఈ ఒక్క విషయాన్ని బోర్డు మీద అంకెలు వేసి, అర్థమయ్యేదాకా ఎన్నిసార్లయినా చెప్పండి.

చేయవలసిన పని మొదటి రోజే మొదలవుతుంది. రోగి ఫోను నంబరు ఒక్కటి రాసుకుంటే చాలదు. గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాల్లో పనికి వెళ్లిన మగపిల్లలు ఎందరో ఉన్నారు. ఇంటివారు ఇచ్చే నంబరు చాలాసార్లు ఆ కొడుకుదే అయి ఉంటుంది, అతనికి తల్లి పరిస్థితి పూర్తిగా తెలియకపోవచ్చు. అందుకని ఇంట్లో ఉండేవారి నంబరు, పొరుగువారిది లేదా దగ్గరి కిరాణా కొట్టువారిది, ఊరి ఆశా కార్యకర్తది కలిపి కనీసం మూడు నంబర్లు, రోగి అనుమతితో తీసుకోవాలి. ఆంధ్ర వైపు బంధువులున్నారా, అనారోగ్యం ముదిరితే ఎవరి దగ్గరికి వెళతారు అన్నది కూడా అడిగి రాయాలి. నంబర్లిచ్చిన వారికి రోగి జబ్బు గురించి ఎంత తెలుసో, ఎంత చెప్పవచ్చో పక్కనే గుర్తు పెట్టుకోవాలి. కిరాణా కొట్టువారికి ఫోను చేసి 'క్యాన్సర్ ఆసుపత్రి నుంచి' అని చెప్పడం ఒక కుటుంబ గౌరవాన్ని దెబ్బతీయగలదు.

ఫోను చేయడం కూడా నేర్పవలసిన విద్యే. జాలర్ల ఇళ్లకు ఉదయం చేస్తే ఎవరూ దొరకరు. సాయంత్రం చేసి, ముందు మీరెవరో చెప్పి, 'నాన్నగారు ఎలా ఉన్నారండీ' అని అడిగి ఆగాలి. మరణవార్త వినవలసి వస్తే, వెంటనే తేదీ అడగకూడదు. వారు చెప్పదలచుకున్నది పూర్తిగా విని, పరామర్శించి, అనుమతి అడిగి, ఆ తరువాతే తేదీ, చివరి రోజుల వివరాలు తెలుసుకోవాలి. నొప్పి ఉండిందా, మార్ఫిన్ దొరికిందా అన్న ప్రశ్నకు వచ్చే జవాబు యువ వైద్యుణ్ణి కదిలిస్తుంది, కదిలించాలి కూడా. మొదటి కొన్ని ఫోన్లప్పుడు గైడ్ పక్కనే కూర్చోవడం మంచిది.

సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఆసుపత్రులతో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, కొరాపుట్ వైద్య కళాశాల, కటక్‌లోని ఆచార్య హరిహర్ సంస్థ, విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రి వంటి చోట్లకు రోగులు తిరుగుతూ ఉంటారు కాబట్టి, ప్రోటోకాల్‌లోను, సమ్మతి పత్రంలోను 'మీకు చికిత్స జరిగిన ఇతర ఆసుపత్రుల నుంచి వివరాలు తీసుకోవడానికి అనుమతిస్తున్నారా' అన్న వాక్యం ఉండాలి. అది రాసుకోకపోతే తరువాత ఎంత పరిచయం ఉన్నా వివరాలు అడిగే హక్కు మనకు ఉండదు.

సమ్మతి అంటే సంతకం కాదు

'మీ ఇష్టం సార్, ఎక్కడ వేలిముద్ర వేయమంటారు' అని రోగి అన్నప్పుడు, అక్కడితో ఆగిపోకూడదన్నది ఈ శిక్షణలో అతి ముఖ్యమైన పాఠాలలో ఒకటి. ఆ మాట వైద్యుడి మీద నమ్మకాన్ని చెబుతుంది, అధ్యయనం అర్థమైందని చెప్పదు. వివరించిన తరువాత రోగినే మూడు విషయాలు తిరిగి చెప్పమనాలి: ఇది మామూలు చికిత్సకంటే ఏ విధంగా వేరు, చేరకపోతే చికిత్స ఆగిపోతుందా, మధ్యలో మానుకోవచ్చా. రెండో ప్రశ్నకు 'ఆగిపోతుందేమో' అన్న జవాబు వచ్చిందంటే వేలిముద్ర తీసుకోకూడదు. చదవలేని రోగి విషయంలో అధ్యయనంతో సంబంధం లేని సాక్షి మొత్తం సంభాషణ వినాలి. వార్డుబాయ్‌ని చివరి నిమిషంలో పిలిచి సంతకం పెట్టించడం సాక్ష్యం కాదు.

పత్రంలోని భాష గురించి ఒక మాట. పర్లాకిమిడి, బరంపురం తెలుగువారు ఇంట్లో తెలుగు మాట్లాడినా చాలామంది బడిలో ఒడియా చదువుకున్నారు. వారికి తెలుగు పత్రం చదివి వినిపించాలి, ఒడియా పత్రం చేతికివ్వాలి. సవర, కోంధ్ రోగుల కోసం ఆ భాష మాట్లాడే మనిషి ఉండవలసిందే; రోగి బంధువు చేత అనువాదం చేయిస్తే, బంధువు చెప్పదలచుకున్నదే రోగికి చేరుతుంది. గిరిజన సముదాయాలలో పరిశోధన గురించి భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ప్రత్యేకంగా చెప్పాయి: ఆ సముదాయానికి మేలు చేసే అంశమై ఉండాలి, సంబంధిత అధికారుల అనుమతీ ఉండాలి. ఈ నియమాలు ఎందుకున్నాయో విద్యార్థికి తెలియాలంటే, ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 2009లో మొదలై 2010లో ఆగిపోయిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను నమూనాగా వేసి చూసిన కార్యక్రమం గురించి చెప్పాలి. గిరిజన హాస్టళ్ల బాలికలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్ల చేత సమ్మతి సంతకాలు చేయించారన్న విషయం పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక దాకా వెళ్లింది. ఆ టీకా మంచిదే, శాస్త్రం దాన్ని బలపరుస్తోంది. అయినా సమ్మతి సరిగా తీసుకోనందువల్ల ప్రజల నమ్మకానికి తగిలిన దెబ్బ చిన్నది కాదు.

ఇంకొక చిక్కు ఇక్కడ రోజూ ఎదురవుతుంది. 'అమ్మకు క్యాన్సర్ అని చెప్పకండి డాక్టరుగారూ' అని పిల్లలు బతిమాలతారు. చికిత్స వరకు ఆ కుటుంబంతో మెల్లగా మాట్లాడుతూ నడవవచ్చు. పరిశోధనలో మాత్రం, తన జబ్బేమిటో తెలియని మనిషి ఇచ్చే సమ్మతికి విలువ లేదు. కుటుంబాన్ని ఒప్పించి ఆ తల్లికి నిజం చెప్పగలగాలి, లేదా ఆమెను అధ్యయనంలో చేర్చుకోకుండా వదిలేయాలి. మూడో దారి లేదని విద్యార్థికి స్పష్టంగా చెప్పండి. రోగుల సంఖ్య తగ్గితే తగ్గనివ్వండి.

ఎంతమంది కావాలి

రోగుల సంఖ్య లెక్కను గణాంక నిపుణుడికి అప్పగించి విద్యార్థి తప్పుకోకూడదు. ఒకసారైనా చేత్తో వేయాలి. రేడియేషన్ మధ్యలో మానేసేవారు సుమారు 30 శాతం ఉంటారని అనుకుని, ఆ సంఖ్యను ఏడు శాతం అటూ ఇటూగా తెలుసుకోవాలంటే 165 మంది కావాలి. పదిమందిలో ఒకరి వివరాలు దొరకకపోవచ్చనుకుంటే 184 మందిని చేర్చుకోవాలి. రెండు వర్గాలను పోల్చేటప్పుడు లెక్క మారిపోతుంది. చికిత్స పూర్తిచేసేవారు 60 శాతం నుంచి 75 శాతానికి పెరుగుతారని ఆశిస్తే ఒక్కొక్క వర్గంలో దాదాపు 150 మంది, పెరుగుదల అందులో సగమే అనుకుంటే ఒక్కొక్క వర్గంలో 640 మంది దాకా కావాలి. ఈ లెక్క తన చేత్తో వేసుకున్న విద్యార్థికి, ఏడాదికి నూరుమంది రోగులు వచ్చే విభాగంలో ఏ ప్రశ్న అడగవచ్చో, దేనికి పక్క కళాశాలలతో చేతులు కలపాలో తనకు తానే తెలుస్తుంది.

ఎవరి పరిశోధనలు చదివించాలి

పరిశోధనా వ్యాసాలు కలిసి చదివి చర్చించే జర్నల్ క్లబ్‌లో మన రోగులకు దొరకని మందుల ట్రయల్స్ మాత్రమే చదివితే, పరిశోధన మరెవరో చేసే పని అన్న భావం స్థిరపడుతుంది. ముంబయి టాటా మెమోరియల్ నుంచి 2015లో వచ్చిన నోటి క్యాన్సర్ ట్రయల్‌తో మొదలుపెట్టండి. తొలిదశ నోటి క్యాన్సర్‌లో మెడ గ్రంథులను మొదటి ఆపరేషన్‌లోనే తీసివేయాలా, అవి పెరిగినప్పుడు తీయాలా అన్నది సర్జన్లు దశాబ్దాలుగా వాదించుకున్న విషయం. ముందే తీసినవారిలో మూడేళ్ల తరువాత 80 శాతం మంది, ఆగి చూసినవారిలో 67.5 శాతం మంది బతికి ఉన్నారని ఆ ట్రయల్ తేల్చింది. కొత్త మందేదీ లేదు. ప్రశ్న స్పష్టంగా ఉంది, రోగులను వదలకుండా అనుసరించారు. తరువాత, నివోలుమాబ్ అనే ఖరీదైన మందును మామూలు మోతాదులో పదో వంతుకంటే తక్కువగా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాముల చొప్పున, ముదిరిన తల, మెడ క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూసిన 2023 నాటి ట్రయల్ చదివించండి. ఏడాది తరువాత బతికి ఉన్నవారు, ఆ మందు ఇవ్వనివారిలో 16 శాతం కాగా ఇచ్చినవారిలో 43 శాతం. పేదరికం మన పరిశోధనకు అడ్డంకి మాత్రమే కాదు, అసలు ప్రశ్న అక్కడి నుంచే పుట్టవచ్చునని ఈ ట్రయల్ చదివిన వారికి తెలుస్తుంది.

చదివేటప్పుడు ఫలితం పేజీ ముందు తెరవనివ్వకండి. పద్ధతుల భాగం చదివి, 'మన ఓపీకి వచ్చే ఎవరిని ఈ ట్రయల్‌లో చేర్చుకుని ఉండేవారు' అని పేర్లతో సహా చెప్పమనండి.

అనుమతులు, సమయం, అప్పగింత

పీజీలందరూ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్‌లో నడిపే ప్రాథమిక వైద్య పరిశోధన కోర్సును ఎలాగూ పూర్తిచేయాలి. దాన్ని మొదటి ఏడాది మొదట్లోనే ముగింపజేస్తే శనివారాల చర్చ తేలికవుతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతికి ముందు ఒక్క రోగి వివరమూ తీసుకోకూడదు. చికిత్సను మార్చి చూసే అధ్యయనమైతే, మొదటి రోగిని చేర్చకముందే దాన్ని దేశీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి ఆ రిజిస్ట్రీ ముందస్తు నమోదునే అంగీకరిస్తోంది. కొత్త మందుల ట్రయల్‌లో పనిచేసే అవకాశం వస్తే, 2019 నిబంధనల ప్రకారం తీవ్రమైన దుష్ఫలితాన్ని 24 గంటల్లో తెలియజేయాలన్న నియమం ఆదివారానికి, పండగకు కూడా వర్తిస్తుందని విద్యార్థికి గుర్తుండాలి.

వారానికి ఒక పూట పరిశోధనకని కేటాయించి, ఆ పూట అతణ్ణి వార్డు పనికి పిలవకుండా ఉండగలగడం గైడ్ చేతిలో ఉన్న అతి పెద్ద సహాయం. ఎమర్జెన్సీలు ఉంటాయి, మనుషులు చాలరు, నిజమే. అయినా ఆ పూటను కాపాడకపోతే ఫారాలు అర్ధరాత్రి జ్ఞాపకం నుంచి నింపబడతాయి. వ్యాసంలో మొదటి పేరు పని చేసిన విద్యార్థిదే కావాలి. ఆ పనిలో పాలుపంచుకోని శాఖాధిపతి పేరు గౌరవం కోసం చేర్చకూడదు. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికల దరిదాపులకు వెళ్లనివ్వకండి. అనుకున్న తేడా కనిపించని అధ్యయనాన్ని కూడా రాయించండి.

పీజీ మూడేళ్లలో వెళ్లిపోతాడు. రోగిని ఐదేళ్లు చూడాలి. అందుకే రెండో ఏడాది చివరికల్లా, తరువాతి బ్యాచ్ విద్యార్థి ఒకరిని అదే అధ్యయనంలో భాగస్వామిగా చేర్చాలి. ఇద్దరూ కలిసి ఆరు నెలలు ఫోన్లు చేయాలి, ఫోను నంబర్ల రిజిస్టరులోని ప్రతి పేరునూ కలిసి చూడాలి. ఏ ఇంట్లో ఎవరితో మాట్లాడాలో, ఎవరికి ఇంకా నిజం తెలియదో పాతవారు కొత్తవారికి చెప్పాలి. ఈ మార్పు గురించి ఎథిక్స్ కమిటీకి తెలియజేసి, కొత్త విద్యార్థి పేరు చేర్చి, తాళంచెవి, రిజిస్టరు అప్పగించినట్టు ఇద్దరూ, గైడూ సంతకాలు చేసిన కాగితం ఫైలులో పెట్టాలి. వెళ్లిపోయే విద్యార్థి చివరి ఫోన్లలో, ఇకపై ఎవరు మాట్లాడతారో రోగులకు పేరు పెట్టి చెప్పి వెళ్లాలి.